ఆసుపత్రికి వెళ్ళిన బోల్టు

సైకిళ్ళు బాగుచేసే ఆ మనిషికి అబద్ధం ఆడటం చేతకాదని వీధిలో అందరూ ఎరుగుదురు. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడెక్కడ లేస్తున్నాయో వచ్చినవాళ్ళకే చూపించి, ఒక్క చిల్లుంటే ఒక్కటనీ నాలుగుంటే నాలుగనీ చెప్పేవాడు. "ఇంకొన్నాళ్ళు లాగుతుందంటావా?" అని ఎవరైనా ఆశగా అడిగితే, "లాగదండీ, టైరు అరిగిపోయింది" అని మొహం మీదే అనేసేవాడు. అలాంటివాడు ఒక మంగళవారం సాయంత్రం తన నాలుగేళ్ళ కొడుకుతో ఒక్క అబద్ధం ఆడాడు. ఆ ఒక్కటీ వాళ్ళింట్లో తిష్ట వేసుకుని కూర్చుంది.

వాళ్ళ కుక్క పేరు బోల్టు. పెళ్ళైన కొత్తలో ఎవరో ఒక సైకిల్ వదిలేసి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ సైకిల్ ముందు బుట్టలో గుడ్డపీలికల మధ్య ఇది దొరికింది, గుప్పెడంత ప్రాణి. అతని భార్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "ఎవరైనా వస్తే సైకిల్ ఇచ్చి పంపండి. దీన్ని మాత్రం ఇచ్చేది లేదు" అని తేల్చిచెప్పింది. మొదటి వారంలోనే అది కొట్లో ఒక బోల్టు మింగబోయి ఇంటిల్లిపాదినీ హడలగొట్టింది. అదే దానికి పేరైంది. ఆ తర్వాత కూతురు పుట్టింది. ఆ పిల్ల బోల్టు చెవి పట్టుకునే నిలబడటం నేర్చుకుంది. ఇంకో అయిదేళ్ళకు కొడుకు పుట్టాడు. చిన్నదానికీ పెద్దదానికీ మూతి బుంగలా పెట్టుకుంటాడని వాడికి బుంగ అని పేరు పడింది. కూతురు పెద్దది గనక దానికి ఇంట్లో పెద్దది అనే పేరు.

భార్య నర్సు. రెండేళ్ళ కిందట ఆమెకు బస్సులో నాలుగు గంటలు పట్టే ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. రెండు వారాలకొక శనివారం వస్తుంది, సోమవారం మొదటి బస్సుకు వెళ్ళిపోతుంది. మిగతా రోజుల్లో ఫోనే దిక్కు. డ్యూటీ ఎక్కే ముందు, సాయంత్రం పూట, వారానికి మూడుసార్లు మాట్లాడుతుంది. కొడుక్కి అమ్మ అంటే సగం మనిషీ సగం గొంతూ.

చలికాలం మొదలైనప్పటి నుంచి బోల్టు మెట్టు ఎక్కడం మానేసింది. పశువుల డాక్టరు చూసి, మూత్రపిండాలు అరిగిపోయాయనీ, ముసలితనానికి సూదిమందు లేదనీ చెప్పాడు. ఆ మంగళవారం మధ్యాహ్నం కొట్లో వేలాడే టైర్ల కింద, తన గోనెపట్టా మీద, చుబుకం యజమాని చెప్పు మీద ఆనించి పడుకుంది. అతను ఒక చక్రానికి వంకర తీస్తున్నాడు. కాలు కదిపితే దాని నిద్ర చెడుతుందని కదలకుండా స్పోకులు బిగిస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికో పాదం మీద వెచ్చని ఊపిరి తగలడం లేదని తెలిసింది. తెలిశాక కూడా కాలు తీయలేదు.

బడి నుంచి పెద్దది వచ్చింది. సంచి దింపకుండానే బోల్టు వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"నాన్నా, వాడి పొట్ట కదలట్లేదు."

"అవునమ్మా. పోయాడు."

కొడుకు పక్కింటి టైలరమ్మ దగ్గర గుడ్డముక్కల కుప్ప మీద నిద్రపోతున్నాడు. వాడు లేచేలోపే పని కానివ్వాలనుకున్నాడు తండ్రి. కొట్టు వెనక తలుపు తీస్తే కలప అడితి పెరడు. దాని కాపలాదారును పిల్లలు అడితి తాత అంటారు. ఆయన ఒక్క మాటైనా అడక్కుండా పార తెచ్చి, గోడవార మెత్తటి చోట తవ్వడం మొదలుపెట్టాడు. మట్టిలో రంపంపొట్టు కలిసి పొడిపొడిగా రాలుతోంది. గోనెపట్టాతో సహా బోల్టును దించాక, ఆయన పార మీద చేతులానించి అడిగాడు.

"చిన్నోణ్ణి కూడా పిలువోయ్. ఒక్కసారి చూడనీ."

"పసివాడు తాతా. తట్టుకోలేడు."

"వాడు తట్టుకోలేడా? నువ్వు చెప్పలేవా?"

అతను ఆయన చేతిలోంచి పార తీసుకున్నాడు. మట్టి కప్పేశాక కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. "తమ్ముడికి చెప్పకేం? అసలెవరికీ చెప్పకు. వీధిలో ఒకళ్ళకి తెలిస్తే వాడి చెవిన పడుతుంది." పెద్దది తలూపింది. కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు అక్కడే నిలబడింది. అతను దాన్ని గమనించలేదు. కొడుకు లేస్తే ఏం చెప్పాలా అన్నదే అతని దిగులంతా.

బుంగ లేచి, బుగ్గ మీద గుడ్డ మడత అచ్చుతో వచ్చాడు. కొట్టంతా చూశాడు. బల్ల కింద దూరి చూశాడు.

"బోల్టుగాడేడీ?"

"వాడికి ఒంట్లో బాగాలేదు కదరా. ఆసుపత్రికి పంపించాను."

వాడి మొహం విచ్చుకుంది. "అమ్మ ఆసుపత్రికా?"

తండ్రి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. కాదంటే ఇంకో అబద్ధం కావాలి. అవునంటే సరిపోతుంది. తలూపాడు.

"అయితే అమ్మే మందేస్తుంది!" అని వాడు చప్పట్లు కొట్టాడు. తలుపు దగ్గర నిలబడిన పెద్దది ఆ మాట విని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి వాడి సంబరం చూడాలి. కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకూ అదే కబురు. "మా బోల్టు అమ్మ దగ్గరున్నాడు. అమ్మతోనే బస్సులో వస్తాడు." కొందరు పాపం అని నవ్వేవాళ్ళు. తండ్రి తేలు కుట్టిన దొంగలా తలవంచుకుని ప్యాచీ అంటించుకునేవాడు. పైగా మనసులో ఒక మూల, ఎందుకు దాచడం, అతనికీ ఆ మాట తియ్యగానే ఉండేది. బోల్టు ఎక్కడో ఉంది, ఆమె ఒళ్ళో తలపెట్టుకుని ఉంది అనుకుంటే, కాసేపు నిజమేనేమో అనిపించేది.

గురువారం సాయంత్రం ఫోను మోగింది. వద్దన్నా వినకుండా బుంగే ముందు అందుకున్నాడు.

"అమ్మా! బోల్టు అన్నం తిన్నాడా?"

అవతల, వెనకెక్కడో మంచాల చక్రాల చప్పుడు వినిపిస్తోంది.

"ఏం నాన్నా? ఏమన్నావు?"

"బోల్టు! నీ దగ్గరికొచ్చాడుగా. సూది వేస్తే ఏడ్చాడా?"

ఆమె చాలా నెమ్మదిగా, "ఫోను నాన్నకియ్యి బంగారం" అంది.

అతను ఫోను పట్టుకుని వెనక తలుపు దాటి అడితి గోడ దగ్గరికి వెళ్ళాడు.

"ఎప్పుడు?" అంది ఆమె.

"మంగళవారం. నువ్వు డ్యూటీలో ఉంటావు, ఏడుస్తావు, సెలవు దొరకదు అని..."

"నొప్పి పడ్డాడా?"

"లేదు. నా కాలి మీద పడుకుని పోయాడు."

ఆమె ఏడుపు అతనికి వినిపించలేదు. ఊపిరి మాత్రం పైకీ కిందికీ వినిపించింది. అంత దూరాన, మందుల వాసన కొట్టే ఏదో వరండాలో, గోడకానుకుని నిలబడి ఉంటుంది. ఆ క్షణాన ఆమె భుజం మీద చెయ్యి వేయాలని ఎంతగా అనిపించిందంటే, అతను ఎదురుగా ఉన్న గోడ మీద చెయ్యి వేశాడు.

"ఏమండీ, నేను ఇక్కడ రోజూ చూస్తాను," అంది కాసేపటికి. "ముసలాయన పోతే, నిద్రపోయాడనీ ఊరెళ్ళాడనీ పిల్లలకి చెప్తారు. ఆ పిల్లలు మంచం దగ్గరికొచ్చి తాత ఎప్పుడు లేస్తాడని నన్నడుగుతారు. చనిపోయాడు అన్న మాటే చెప్పండి. మెత్తగా చెప్పండి, కానీ ఆ మాటే చెప్పండి. వాడు ఏడుస్తాడు, ఏడవనివ్వండి."

"నువ్వొచ్చాక చెప్దామా? నువ్వైతే..."

"నేనొచ్చేసరికి ఇంకా తొమ్మిది రోజులుంది. అన్నాళ్ళూ వాడు ఎదురుచూడాలా? మీరే చెప్పండి."

చెప్తానన్నాడు. శుక్రవారం పొద్దున చెప్దామనుకుంటే వాడు నవ్వుతూ లేచాడు. నవ్వే పిల్లాణ్ణి ఎలా ఏడిపించడం? సాయంత్రం చెప్దామనుకుంటే వాడు పడిపోయి మోకాలు చెక్కుకుని ముందే ఏడుస్తున్నాడు. ఏడ్చే పిల్లాణ్ణి ఇంకా ఏడిపించడమా? చెప్పకూడదనుకునేవాడికి ప్రతి వేళా వర్జ్యమే.

ఆ పని చివరికి పెద్దది చేసింది. ఆదివారం పొద్దున వాడు దాని కొత్త నోటుపుస్తకం తీసుకుని, మధ్య పేజీలో బోల్టు బొమ్మ వేశాడు. పక్కన అమ్మ, చుట్టూ బస్సు. పెద్దది ఆ పేజీ చూసి ఒక్కసారిగా పుస్తకం లాక్కుంది.

"వాడు రాడు! బస్సులోనూ రాడు, ఎందులోనూ రాడు! చచ్చిపోయాడు! నేను చూశాను!"

"అబద్ధం! నాన్న ఆసుపత్రికి పంపాడు!"

"ఆసుపత్రి లేదూ ఏమీ లేదు! మట్టిలో పెట్టాం!"

తండ్రి పానా కింద పారేసి పరుగెత్తుకొచ్చేసరికి ఇద్దరూ చెరో మూల ఉన్నారు. వాడు ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. కళ్ళు పెద్దవి చేసుకుని ఏదో లెక్క తేల్చుకుంటున్నవాడిలా నిలబడి ఉన్నాడు. అడిగితే పలకలేదు. ఎత్తుకోబోతే కర్రలా బిగుసుకుపోయాడు.

ఆ సాయంత్రం వాళ్ళమ్మ ఫోను వచ్చింది. ఎప్పుడూ ఎగబడి లాక్కునేవాడు బల్ల కిందికి దూరి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"అమ్మరా. మాట్లాడవూ?"

"అది అమ్మ కాదు."

"మరెవరు?"

"అమ్మ ఆసుపత్రిలో ఉంది. బోల్టు ఆసుపత్రిలో చచ్చిపోయాడు. అమ్మని కూడా మట్టిలో పెట్టారు. నువ్వు నాకు చెప్పట్లేదు."

తను కప్పిన ఒక్క అబద్ధం కింద ఆ పిల్లాడు ఒంటరిగా ఎంత దూరం వెళ్ళిపోయాడో తండ్రికి అప్పుడు కనబడింది. ఫోను స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టి, తను కూడా బల్ల కిందికి దూరాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి, గ్రీసు డబ్బా ఒకటి దొర్లిపోయింది.

"బుంగా, ఇటు చూడరా. నేను నీకు అబద్ధం చెప్పాను. బోల్టు ఆసుపత్రికి వెళ్ళలేదు. అమ్మ దగ్గరికి అసలే వెళ్ళలేదు. వాడు ముసలివాడైపోయాడు, ఒళ్ళంతా అరిగిపోయింది. మంగళవారం మన కొట్లోనే, నా కాలి దగ్గరే చనిపోయాడు. నువ్వేడుస్తావని భయమేసి నీకు చెప్పలేదు. నాదే తప్పు. అమ్మకి ఏమీ కాలేదు. అమ్మ నర్సు, జబ్బు చేసినవాళ్ళకి మందిస్తుంది. అమ్మకి జబ్బు లేదు. ఆ ఫోనులో ఉన్నది అమ్మే."

ఫోనులోంచి ఆమె అన్నీ వింటోంది. "బంగారం, నేనేరా," అంది. "నీ ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉంది. అది నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలీదు."

వాడు మెల్లిగా చెవి వెనక తడుముకున్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఎక్కిళ్ళు పెట్టి, వెక్కివెక్కి, ముక్కు కారుతుండగా ఏడ్చాడు. అతను ఊరుకోమనలేదు.

మర్నాడు పొద్దున వాణ్ణి అడితి గోడ దగ్గరికి తీసుకెళ్ళి చోటు చూపించాడు. వాడు గొంతుక్కూర్చుని మట్టి వాసన చూశాడు. ప్రశ్నలు మొదలయ్యాయి.

"లోపల చలేస్తుందా?"

"లేదు. చనిపోయినవాళ్ళకి చలి తెలీదు."

"ఆకలో?"

"ఆకలీ ఉండదు."

"నేను పిలిస్తే వినపడదా?"

"వినపడదు నాన్నా."

"గట్టిగా పిలిస్తే?"

వాడు గోడకు ప్రతిధ్వనించేలా "బోల్టూ!" అని ఒక్క కేక పెట్టాడు. అడితిలో రంపం ఆగింది. అడితి తాత దుంగల మధ్య నుంచి తొంగిచూసి మళ్ళీ తల వెనక్కి తీసుకున్నాడు. ముగ్గురూ వింటున్నట్టే ఉండిపోయారు. ఎక్కడా ఏమీ కదల్లేదు. వాడు తండ్రి చెయ్యి విదిలించుకుని ఒక్కడే లోపలికి నడిచాడు. ఆ రోజూ మర్నాడూ తండ్రి పెట్టిన అన్నం తినలేదు, టైలరమ్మ పెడితేనే తిన్నాడు. నన్ను నమ్మించి మోసం చేశావు అని చెప్పడం చేతకాని వయసులో, వాడికి చేతనైంది అదే. అతను అదీ భరించాడు.

ఆ శనివారం ఆమె వచ్చింది. వీధి మొదట్లో బస్సు దిగి, అలవాటుగా ఒంగి రెండు చేతులూ చాపబోయి, మధ్యలోనే ఆగిపోయింది. బోల్టు ఎదురొచ్చేది ఆ చోటుకే. కొట్టు ముందు నుంచి అదంతా చూసిన భర్తకు పని మీద దృష్టి నిలవలేదు. ఇంట్లో కూర్చోగానే బుంగ ఆమె ఒళ్ళోకి ఎక్కి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి వస్తోందో లేదో చూసుకున్నాడు. "వస్తోందా?" అంది ఆమె. "వస్తోంది" అన్నాడు, తృప్తిపడి. అలా ఆ పూట ఇంకో ఆరేడు సార్లు చూసుకున్నాడు.

సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఆమె అడిగింది. "చిన్నాడు ఏడ్చాడు, అడిగాడు, మీ మీద అలిగాడు. వాడి సంగతి తెలిసింది. మరి పెద్దది?"

"అది పెద్దది కదా. దానికి అంతా తెలుసు. కుదురుగానే ఉంది."

"తొమ్మిదేళ్ళకి అంత కుదురేమిటండీ? ఇప్పుడెక్కడుంది?"

అతను చుట్టూ చూశాడు. ఇంట్లో లేదు. గుర్తుచేసుకుంటే, ఈ పది రోజులుగా ఆ వేళకి అది ఇంట్లో ఉండటం లేదు. ఎక్కడికి వెళ్తోందని ఒక్కరోజూ అడగలేదు. కొట్టు తలుపులు దగ్గరకు వేసి వీధిలోకి నడిచాడు.

పెద్దది వీధి మలుపులో కనబడింది. చేతిలో ఏమీ లేదు, కానీ చెయ్యి కాస్త ముందుకు పెట్టి, తాడు పట్టుకున్నట్టే నడుస్తోంది. మంగలి కొట్టు మెట్టు దగ్గర ఆగింది. లెక్కపెట్టినట్టు కాసేపు నిలబడి మళ్ళీ కదిలింది. కరెంటు స్తంభం దగ్గర ఆగింది. అతను పక్కకు చేరేసరికి ఉలిక్కిపడింది, కానీ ఆగలేదు.

"ఇక్కడెందుకాగావు?" అన్నాడు.

"ఇక్కడ వాసన చూస్తాడు. ఆ ఆకుపచ్చ గేటు దగ్గర మొరుగుతాడు. లోపల పిల్లి ఉంది. మూలమీద ముసలి టీచరు గారింటి ముందు కూర్చుంటాడు, ఆవిడ వచ్చి తల నిమిరేదాకా లేవడు." చూస్తాడు, మొరుగుతాడు, కూర్చుంటాడు. బోల్టు ఇంకా ఉన్నట్టు, అన్నీ ఇవాళ్టి మాటలే.

పదకొండేళ్ళు తన కాళ్ళ దగ్గర పడుకున్న కుక్కకు వీధిలో ఇన్ని స్నేహాలూ ఇన్ని పగలూ ఉన్నాయని అతనికి తెలియదు. రోజూ సాయంత్రం దాన్ని తిప్పుకొచ్చేది కూతురే. తను పంపు పట్టుకుని గాలి కొడుతూ, వెళ్ళి రండి అనేవాడు, అంతే. అడిగితే ఇంకా ఎన్నో చెప్పేలా ఉంది. అడుగుతూ నడిచాడు. అది చెబుతూ నడిచింది.

బేకరీ వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి పెద్దది వెనక్కి తిరగబోయింది. "ఇక్కడికొద్దు నాన్నా, పోదాం." కానీ బేకరీ ఆయన అప్పటికే చూశాడు. పిండి చేతులతోనే ఒక ఎండు బన్ను కాగితంలో చుట్టి తెచ్చాడు.

"ఏమ్మా, మీవాడికి ఇంకా తగ్గలేదా? ఇదిగో, ఇవాళ్టి వాటా. పాలల్లో నానబెట్టి పెట్టు, అరుగుతుంది."

పెద్దది చెయ్యి చాపలేదు. మొహం ఎర్రబడింది. ఎవరికీ చెప్పకు అన్నాడు నాన్న. అందుకని పది రోజులుగా ఒంట్లో బాగాలేదని చెబుతూ, ఆయన పెట్టిన బన్ను తీసుకుంటూ, తీసుకెళ్ళి అడితి గోడవార ఆ మట్టి మీద పెడుతూ వచ్చింది. చీమలు పట్టిన ఆ ముక్కలు అతనూ చూశాడు. అడితి తాత వేసినవి కాబోలనుకున్నాడు. చిన్నవాడికి చెప్పిన అబద్ధం తనొక్కడిదే అనుకున్నాడు గానీ, దాన్ని మోసినది మాత్రం ఈ పిల్ల.

అతను కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"అయ్యా, మా బోల్టు చనిపోయాడండి. మంగళవారం కాదు, ఆ ముందు మంగళవారం. నేనే చెప్పద్దన్నాను అమ్మాయిని. దాని తప్పేం లేదు."

బేకరీ ఆయన ఆ బన్ను పక్కన పెట్టాడు. "అయ్యో తల్లీ," అన్నాడు. "ఇన్నాళ్ళూ ఎలా తట్టుకున్నావే?"

ఆ ఒక్క మాటకు పెద్దది తండ్రి నడుము చుట్టూ చేతులు వేసి, గ్రీసు మరకల చొక్కాలో మొహం దాచుకుంది. ఆ మంగళవారం నుంచి లోపలే ఉన్నదంతా అప్పుడు బయటికొచ్చింది. ఏడుపు మధ్య మాటలు తెగి తెగి వచ్చాయి. వాడు కావాలి అంది. నాకు వాడే కావాలి అంది. కావాలని ఉండటం తప్ప దానికి ఉపాయం లేదని అతను చెప్పలేదు. "నాకూ కావాలే" అన్నాడు. పొయ్యి దగ్గర రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. అయినా బేకరీ ఆయన కదల్లేదు.

కాసేపటికి పెద్దది ముక్కు తుడుచుకుని, ఇంకా రెండు చోట్లు మిగిలాయంది. అతను దాని చెయ్యి పట్టుకున్నాడు. ముసలి టీచరు గారింటి వైపు నడిచారు, ఆవిడకు కూడా చెప్పాలి.